జెండా పండుగలు – మన పొరుగు ఆదివాసులు

(ఆగస్టు నెల చివరి ఆదివారము సాయంకాలము కవరైపేట్టైలో మన సంఘ సభ్యుల కూటమిలో చదువబడిన ఉపన్యాస పాఠము)



మన కూటములలో మాటలాడువారు సాధారణముగా మన భాష, మన బడి, మన పిల్లల చదువు, ఈ మూడింటిని విడిచి దూరము పోరు. మేమును ఆ కోవలోనివారమే. అయినను ఈ నెలలో వరుసగా వచ్చిన ఉత్సవములను గూర్చి మాటలాడవలెనని సభ్యులు కోరినందున ఆ విషయమునే చేపట్టితిమి. పదునేడు దినములలో నాలుగు స్మారక దినములు వచ్చు నెల ఇది. మొదటిది అందరికిని తెలిసినది. రెండవదానిని గూర్చి మనవారు కొంత గర్వముగా చెప్పుకొందురు. మూడవది క్రొత్తది. నాలుగవది మనలో పలువురు విననిది.

మొదటిది ఆగస్టు 15. దానిని గూర్చి చెప్పవలసిన పని లేదు. రెండవది 22వ తేది, మదరాసు దినము. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రతీరమున నొక భూఖండమును ఆంగ్లేయ కంపెనీవారికి ఇచ్చినదానికి స్మృతిగా 2004 మొదలు చెన్నపట్టణమున ఈ దినము జరుపబడుచున్నది. మూడవది 23వ తేది, జాతీయ అంతరిక్ష దినము. 2023లో చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన దినమది. 2024 నుండి దేశమంతటను జరుపుచున్నారు. నాలుగవది 31వ తేది. 1952లో ఆ దినమున 'నేరస్థ జాతుల చట్టము' దేశమున రద్దయ్యెను. ఆ చట్టము క్రింద నలిగిన జాతులవారు దానిని విముక్తి దినమని పిలుచుకొని, పలు రాష్ట్రములలో ఏటేట కూడి జరుపుకొనుచున్నారు. మనకు స్వాతంత్ర్యము వచ్చిన అయిదు సంవత్సరముల పదునారు దినములకు తమకు వచ్చినదని వారి లెక్క.

ఈ లెక్కయే మా ప్రసంగమునకు మూలము. కావున చివరి దినమును ముందుగా తీసికొందుము.

1871లో ఆంగ్ల ప్రభుత్వము ఈ చట్టమును చేసెను. 1911 నాటి సవరణతో అది మదరాసు రాజధానికిని విస్తరించెను. దాని స్వరూపమేమనగా, మనిషి చేసిన పనినిబట్టి గాక పుట్టిన కులమునుబట్టి నేరస్థుడగుట. ప్రకటితమైన జాతిలో పుట్టినవాడు ఠాణాలో పేరు వ్రాయించుకొనవలెను, వ్రేలిముద్ర లీయవలెను, రాత్రివేళ పిలుపునకు పలుకవలెను, చీటి లేక ఊరు దాటరాదు. మన తెలుగుసీమలో ఎరుకలవారి కొరకు స్టూవర్టుపురము మొదలైన సెటిల్‌మెంటులు వెలసినది ఈ చట్టము వలననే. యానాదులలో కొందరికిని ఈ ముద్ర తప్పలేదు. ఆశ్చర్యమేమనగా, నెల్లూరు సీమ పల్లెలలో పంటకును ఇంటికిని కావలి యుండినవారు యానాదులే. కావలివానికే దొంగపేరు పెట్టిన చట్టమది.

ఇచ్చట రెండు పేర్లను తలంపవలెను. రెండును మన ప్రాంతమువారివే. స్వాతంత్ర్యానంతరము ఈ చట్టమును విచారించుటకు 1949లో కేంద్ర ప్రభుత్వము నియమించిన సంఘమునకు అధ్యక్షులు తిరుచానూరున జన్మించి, తరువాత లోకసభాధ్యక్షులైన అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘము చట్టమును రద్దు చేయవలెననెను. రెండవవారు నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు. యానాదుల నడుమ జీవితమంతయు గడపి, వారిని గూర్చి 1962లో గ్రంథము వెలువరించి, 1973లో పద్మభూషణ బిరుదము నందిన పెద్దలు. మదరాసు రాష్ట్రము 1947లోనే తన మేరకు ఆ చట్టమును రద్దు చేసినదనగా, అట్టివారి పట్టుదలయు దానికి కారణమే.

రద్దు చేసిరి, సరే. మరుసటి ఏడే, అనగా 1948లో, 'అలవాటుపడిన నేరస్థులను' అదుపులో నుంచుటకని మదరాసు రాష్ట్రమున మరియొక చట్టము వచ్చెను. పాత చొక్కా విప్పి కొత్త గుండీలతో మరల తొడిగిరి. 2024 అక్టోబరు 3వ తేదిన సుప్రీంకోర్టు తీర్పు చెప్పువరకును, జైళ్ళలో ఏ కులపు ఖైదీకి ఏ పని యని విడదీయు నియమములు పలు రాష్ట్రముల జైలు పుస్తకములలో నుండెను. విముక్త జాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచు మాటలును వానిలో నుండెను. అంతవరకును ఆ జాతులవారు ఆగస్టు 31ని జరుపుకొనుచునే యుండిరి. అది పూర్తియైన విముక్తి యనియా? కాదు. దేశము వారిని మరచినను తేదిని తాము మరువలేదని చెప్పుటకు.

ఇది మనకు దూరపు కథగా తోచవచ్చును. తోచకుండుటకు ఒక ప్రశ్న వేయుదుము. మన పల్లెలలో రాత్రివేళ కోడి పోయినను, మోటారు తీగ పోయినను, తెల్లవారుసరికి అందరి నోట మొదట వచ్చు పేరు ఎవరిది? చెరువుగట్టున గుడిసెలు వేసికొన్నవారిదే గదా? చట్టము పోయి డెబ్బది యేండ్లు దాటినది. నోటిమాట పోలేదు.

ఇక మూడవ దినము. మన స్టేషనులో ఉత్తరముగా పోవు లోకలు బండి ఎక్కినచో గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటి తడ, పిమ్మట సూళ్ళూరుపేట వచ్చును. అచ్చట దిగి తూర్పుగా పోయినచో ప్రళయకావేరి సరస్సునకు ఆవల శ్రీహరికోట. రాకెట్టు లేచిన వేళ మన మిద్దెలనుండి చూచి, పిల్లలచేత చప్పట్లు కొట్టించుట మనకు వాడుక. చంద్రయాన్-3 సైతము 2023 జూలై 14న అచ్చటనుండియే లేచినది. దానిని చూచి మేమును పొంగితిమి. ఆ పొంగును తగ్గించుకొనవలసిన అవసరము లేదు.

అయితే ఆ దీవి 1969లో అంతరిక్ష కేంద్రమునకై ఎన్నిక యగునప్పటికి ఖాళీ స్థలము కాదు. అచ్చట యానాదులు తరతరములుగా నుండిరి. అడవిలో తేనె తీయుదురు, దుంపలు త్రవ్వుదురు, సరస్సులో చేపలు పట్టుదురు, మూలికలు ఎరుగుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో దొరతనమువారు ఆ అడవి సరకులను వారిచేతనే సేకరింపజేసిరి. 1971 అక్టోబరు 9న రోహిణి పేరుగల చిన్న రాకెట్టు అచ్చట మొదట ప్రయోగింపబడినది. విస్తారమైన భూమి కేంద్రమునకు చెందినది. పొడవైన తీరము అందు గలదు. యానాదులు తీరప్రాంతపు ఊళ్ళకు తరలిరి. కొందరు కేంద్రమునందే చిన్న పనులలో కుదురుకొనిరి. అడవి తెలిసినవానికి అడవి లేని చోట తెలివి పనికిరాదు. బాకీ, కూలి, మరల బాకీ: ఇదియే మిగిలెను. దేశమునకు రాకెట్టు కేంద్రము కావలసినదే. తీరమందే కావలసినదే. దానిని కాదనువారము కాము. మేము చెప్పునది వేరు. అంతరిక్ష దినమున బడులలో శాస్త్రజ్ఞుల పేర్లు చదువుదురు. ఆ భూమిని విడిచిపోయినవారి పేరు ఒక్క వాక్యముననైన వినబడినచో ఉత్సవమునకు తక్కువ యేమి వచ్చును?

రెండవ దినమును గూర్చి చెప్పునప్పుడు మనవారిలో కొందరికి కష్టము కలుగవచ్చును. మన్నింపుడు. మదరాసు దినము రాగానే మన తెలుగు సంఘములలో ఒక మాట వినబడును: 'ఈ పట్టణమునకు భూమి ఇచ్చినవాడు తెలుగు నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణము' అని. ఈ మాట మేమును అనేక పర్యాయములు అంటిమి, ఇకను అందుము. దానిలో అసత్యమేమియు లేదు. కాని ఇచ్చినవానికి ఆ భూమి ఎట్లు వచ్చినదన్న ప్రశ్న ఎవరును వేయరు. నాయకుడు దానపత్రము వ్రాయించునాటికి ఆ తీరమున బెస్తవారి కుప్పములుండెను. లోపలి పొదల అడవులలో ఇరుళవారుండిరి. పత్రముమీద వారి వ్రేలిముద్ర లేదు.

మనము ఈ సీమకు వచ్చి కొన్ని శతాబ్దములైనది. విజయనగర రాజులతో కొందరు, నాయక రాజులతో కొందరు, వర్తకముతో కొందరు వచ్చిరి. తమిళులు మన బలిజవారిని కవరై యని పిలుతురు. అట్టి పేరు పలుకు ఊరిలోనే మనము కూర్చుండియున్నాము. సేద్యము చేసితిమి, చెరువులు త్రవ్వించితిమి, గుడులు కట్టించితిమి, సత్రములు నిలిపితిమి. ఇవన్నియు నిజమే. వచ్చినవారమన్నదియు నిజమే. మనము వచ్చునప్పటికే ఉన్నవారు ఇరుళవారు. తమిళమున ఇరుళ్ అనగా చీకటి. ఆ పేరు ఇతరులు పెట్టినదో వారే పెట్టుకొన్నదో పండితులు తేల్చుకొందురు గాక. చీకటిలో నిలిపినవారు మాత్రము పండితులు కారు, ఊరివారము.

ఈ సందర్భమున మన స్వంత వ్యాజ్యమును ప్రస్తావింపకుండుట అసాధ్యము. గత కొన్నియేండ్లుగా తమిళనాడు దినము ఏది యన్న వాదము నడచినది. 1956 నవంబరు 1న భాషారాష్ట్రములు ఏర్పడినవి గనుక నవంబరు 1 యని 2019లో ఒక ప్రభుత్వము నిర్ణయించెను. 1967 జూలై 18న అణ్ణాదురైగారి ప్రభుత్వకాలమున శాసనసభ తమిళనాడు అను పేరును తీర్మానించినది గనుక జూలై 18 యని 2021లో తరువాతి ప్రభుత్వము ప్రకటించెను. మన సంఘమున కొందరు మిత్రులు, 'ఏ తేది యైననేమి? ఆ ఉత్సవములో మనకు స్థానమెక్కడ?' అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. 1960 ఏప్రిలు 1న, పటాస్కరుగారి నిర్ణయము ననుసరించి, తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకు వచ్చెను. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రకు పోయెను. గీత ఇటు పడినవారము ఇటు నిలిచితిమి, అటు పడినవారు అటు. గీత ఎవరిని అడిగి గీసిరి? 2006 నాటి తమిళ బోధన చట్టము వచ్చిన పిమ్మట మన తెలుగు బడుల సంగతి మీ అందరికిని తెలిసినదే. పుట్టిన ఊరిలోనే మనము అతిథులవలె మెలగవలసివచ్చుచున్నదన్న బాధ మనకు గలదు. మాకును గలదు.

అట్టి బాధ తెలిసినవారమై, మనకంటె ముందున్నవారి బాధను తెలియనట్లుండుట ఎట్లు? మేము ఈ సభను అడుగుచున్నది ఇదియే.

ఆ 1960 గీత యానాదులకేమి చేసెనో చూడుడు. ఆరంబాక్కమునకు ఉత్తరమున ఉన్న యానాది ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల పట్టికలో గలడు. అచ్చట 2011 జనాభా లెక్కలలో వారు 5 లక్షలకు పైబడియున్నారు. రెండు మైళ్ళు దక్షిణమునకు వచ్చినచో, తమిళనాడు పట్టికలో యానాది అను పేరే లేదు. ఒకే పడవ, ఒకే వల, ఒకే సరస్సు. ఇటు ఒడ్డున దిగిన యానాదిని కాగితము ఎరుగదు. మనకు బడిలో తెలుగు పోయినది. వారికి పేరే పోయినది.

ఇరుళవారికి పట్టికలో పేరు గలదు. వారిని మిక్కిలి వెనుకబడిన ఆదివాసి సమూహములలో నొకటిగా కేంద్రము గుర్తించినది. 2011 లెక్కలలో ఈ రాష్ట్రమున సుమారు 1 లక్షా 90 వేల మంది. మన తిరువళ్ళూరు జిల్లా వారి ముఖ్య నివాసములలో నొకటి. పేరున్నను పత్రము దొరకుట దుర్లభము. ఆదివాసి జాతి సర్టిఫికేటు ఇచ్చు అధికారము రెవెన్యూ డివిజను అధికారిది. మన తాలూకావారికి ఆ కచేరి పొన్నేరిలో గలదు. తండ్రికి పత్రమున్నదా యని అడుగుదురు. తండ్రి బడికి పోలేదు, పత్రము ఎందుకు తీయును? తాతకు భూమి పట్టా యున్నదా యని అడుగుదురు. తాత చెరువుగట్టున పుట్టి చెరువుగట్టున పోయినాడు. తిరిగి తిరిగి కూలి పోగొట్టుకొని ఇంట కూర్చుందురు. పిల్ల పది చదివి ఆగును. ఆగిన పిల్ల ఎక్కడికి పోవును? ఇటుకల సూళకు.

సూళల సంగతి మనకు ఎవరును చెప్పనక్కరలేదు. కార్తికమాసము ముగియగానే అడ్వాన్సు పుచ్చుకొని కుటుంబము కుటుంబమే దిగును. భార్యాభర్తలు, పిల్లలు, అందరును మట్టి తొక్కుదురు. అడ్వాన్సు తీరదు. తీరనందున విడిచిపోరాదు. రెడ్ హిల్స్ పరిసరములందలి బియ్యపు మిల్లులలో ఇరుళ కుటుంబములు ఈ విధముగానే చిక్కియుండగా అధికారులు విడిపించిన సంగతి పత్రికలలో అనేకమారులు వచ్చినది. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976 నాటిది. ఆ మిల్లు గోడల లోపల ఉన్నవానికి ఆగస్టు 15న మిల్లు యజమాని ఎగురవేసిన జెండా కనబడియే యుండును. ఆ జెండా అతనికి ఏమి చెప్పినదని మనమనుకొనవలెను?

అయినను ఇరుళవారు కేవలము దయకు పాత్రులని మా మాటల అర్థము కాదు. మహాబలిపురము దగ్గర వడనెమ్మేలిలో పాములు పట్టు ఇరుళవారి సహకార సంఘము 1978 నుండి నడచుచున్నది. పాముల తోళ్ళ వర్తకము చట్టముచే నిలిచిపోగా, చంపుటకు బదులు విషము తీసి విడిచిపెట్టు పనిని వారు చేపట్టిరి. దేశమున పాముకాటు మందునకు కావలసిన విషములో అధికభాగము వారి చేతులనుండి వచ్చినదే. మన పొలములో కాటుపడి ప్రాణము దక్కినవారెవరైన ఈ సభలో ఉన్నచో, ఆ ఋణము ఎవరికో ఇప్పుడు తెలిసికొనవచ్చును. 2023 గణతంత్ర దినమునకు ముందునాడు ప్రకటించిన పద్మశ్రీ బిరుదులలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అను ఇద్దరు ఇరుళ పాములవారి పేర్లు గలవు. గణతంత్రము వారిని ఒకనాడైనను గుర్తించినదని సంతసింతము.

వారికి సొంత పండుగ దినము లేదనియు తలంపరాదు. మాసి మాసపు పూర్ణిమకు ఇరుళవారు పలు జిల్లాలనుండి మహాబలిపురము సముద్రతీరమునకు చేరుదురు. ఇసుకపై చీరెలతో గుడారములు వేసికొందురు. తమ కన్నియమ్మను కొలుతురు. సంబంధములు కుదుర్చుకొందురు, పెండ్లిళ్ళు చేయుదురు. ఏ ప్రభుత్వపు ఉత్తరువును దానికి అక్కరలేదు. మంత్రి ఉపన్యాసమును అక్కరలేదు. జెండా పండుగకు వారు రాలేదని మనలో కొందరనుట విన్నాము. వారి పండుగకు మనమెన్నడైన పోయితిమా?

లోకమున ఇతరత్ర ఇట్టి విషయము ఎట్లు జరిగెనో కొంచెము చెప్పుదుము. మన ఇండ్ల పిల్లలు పలువురు ఇప్పుడు సిడ్నీలోను, మెల్‌బోర్నులోను ఉన్నారు గనుక ఇది పరాయి సంగతి కాదు. జనవరి 26 మనకు గణతంత్ర దినము. ఆస్ట్రేలియాకును అదియే జాతీయ దినము. 1788లో ఆ దినమున ఆంగ్లేయుల నావలు సిడ్నీ రేవున దిగి జెండా పాతినవి. 1938లో నూట ఏబదవ వార్షికోత్సవము జరిపినప్పుడు, ఆ దిగుటను నాటకమువలె మరల ఆడి చూపిరి. ఆదివాసుల పాత్ర వేయుటకు సిడ్నీలోని ఆదివాసులు ఒప్పుకొనలేదు. అందుచే దూరపు లోపలి ప్రాంతములనుండి కొందరిని తెచ్చి ఆడించిరి. అదే దినమున విలియం ఫెర్గుసన్, జాక్ పాటెన్, విలియం కూపర్ మొదలైన ఆదివాసి నాయకులు సిడ్నీలో ఒక సభామందిరమున తమవారిని కూర్చి, ఆ దినమును సంతాప దినముగా ప్రకటించి, పౌరులతో సమానమైన హక్కులు కావలెనని తీర్మానించిరి. 1972లో అదే తేదిన వారి వంశములవారు రాజధానిలో పార్లమెంటు ఎదుట గుడారము వేసిరి. 1988లో ద్విశతాబ్ది నాడు వేలాది జనము సిడ్నీ వీధులలో నడచిరి. నేటికిని ఆ దేశమున ఆ తేదిని మార్చవలెనా యని వాదము సాగుచునే యున్నది.

అచ్చట అనేక పురపాలక సంఘములు అదే దినమున క్రొత్తవారికి పౌరసత్వము ఇచ్చుట ఆచారము. కావున మన పిల్లలు ఉదయము పౌరసత్వ పత్రము పుచ్చుకొని, సాయంకాలము మన గణతంత్రమునకు వందనము చేయుదురు. ఆ రెంటి నడుమ అచ్చటి మొదటి జనులు వీధిలో నడచిపోవుచుందురు. మన పిల్లలు అచ్చటను వచ్చినవారే. వారికి ఉత్తరము వ్రాయునప్పుడు, ఫోనులో మాటలాడునప్పుడు ఈ సంగతి చెప్పుట మంచిది. ఇచ్చట మన తాతలు తెలిసికొనని దానిని వారు అచ్చట తెలిసికొందురు.

ఆస్ట్రేలియావారివలె ఇచ్చటను జెండా పండుగను సంతాప దినము చేయవలెనా? ఇరుళవారిని గాని యానాదులను గాని అట్లు చేయుడని చెప్పుటకు మనమెవరము? మాకు తోచినంతవరకు ఈ సీమ ఆదివాసులు వేరు దారి పట్టిరి. ఆ దారి మన రాష్ట్రపు చట్టమునందే గలదు. తమిళనాట జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, ఈ నాలుగు దినములలో ప్రతి పంచాయతునను గ్రామసభ జరుగవలెను. 2022లో మార్చి 22ను, నవంబరు 1ని కూడ చేర్చిరి. అనగా మనము జెండా ఎగురవేసి మిఠాయి పంచు దినముననే, పట్టా లేనివాడు పట్టా అడుగవచ్చును, దారి లేనివాడు దారి అడుగవచ్చును, అడిగినది తీర్మానపు పుస్తకమున ఎక్కవలెను. ఉత్సవమును ఉపయోగమునకు తెచ్చు ఉపాయము ఇంతకంటె వేరొకటి మాకు కనబడదు.

కాని గ్రామసభలో మాటలాడుట ఎవరికి సాధ్యము? మన గుమ్మిడిపూండి తాలూకాలోనే, ఆత్తుపాక్కము పంచాయతు అధ్యక్షురాలు, షెడ్యూల్డు కులమునకు చెందిన స్త్రీ, 2020 ఆగస్టు 15న తన ఊరిలో జెండా ఎగురవేయరాకుండ అడ్డుపడిన సంగతి దేశమంతట పత్రికలలో వచ్చినది. జిల్లా కలెక్టరును పోలీసు సూపరింటెండెంటును వచ్చి నిలుచుండగా ఆగస్టు 20న ఆమె జెండా ఎగురవేసినది. ఎన్నికైన అధ్యక్షురాలికే అయిదు దినములు పట్టినది. చెరువుగట్టు ఇరుళ స్త్రీ సభలో లేచి నిలుచుండి, 'మా గుడిసెలకు పట్టా ఇయ్యుడు' అని పలుకుటకు ఎన్ని దినములు పట్టును? ఆమె వచ్చును. వెనుకవరుసలో నేలపై కూర్చుండును. సభ ముగియును. పుస్తకమున వ్రేలిముద్ర వేయించుకొని పంపుదురు. ఆమె రాకను వారు సంఖ్యలో చేర్చుకొందురు, మాటను చేర్చుకొనరు.

మన కుటుంబములవారు ఈ పంచాయతులలో సభ్యులుగా ఉన్నారు, అధ్యక్షులుగా ఉండిరి. మన మాటకు సభలో ఇంకను విలువ గలదు. ఆ విలువను ఒక పని కొరకు వాడుడని కోరుచున్నాము.

కొందరు మిత్రులు ముందుగానే మాతో అనిరి: 'అయ్యా, మన బడి తీర్మానమునకే దిక్కు లేదు, పరుల తీర్మానము మనకేల? పైగా ఇరుళవారిలో మనకు సూళ పనివారు గలరు, పొలము పనివారు గలరు. రేపు పని ఆగిపోవును' అని. మొదటి మాటకు మా సమాధానము: మన బడి తీర్మానము ఒంటరిగా వచ్చినందుననే దిక్కు లేకపోయినది. సభలో ఇతరులెవరును చేయి ఎత్తలేదు. ఇతరులకై మనమెన్నడును ఎత్తియుండనప్పుడు వారు ఎత్తుదురని ఆశించుట ఎట్లు? రెండవ మాటకు సమాధానము చెప్పము. ఆ మాట పలికినవారు ఇంటికి పోయి దానిని తమ పిల్లల ఎదుట మరల పలికి చూచుకొందురు గాక.

అక్టోబరు 2వ తేదికి ఇంక నెలకు పైగా దినములున్నవి. సంఘమున చదువుకొన్న యువకులు ఇద్దరిద్దరుగా, తమ తమ పంచాయతులలోని ఇరుళ గుడిసెలకు పోయి, ఇంటికి ఒక కాగితముగా వివరములు వ్రాసికొనిరావలెను: కుటుంబ కార్డు ఉన్నదా, ఆధారు ఉన్నదా, ఇంటిలో ఎవరికైన జాతి సర్టిఫికేటు ఉన్నదా, బడి మానిన పిల్లలెందరు, గుడిసె ఉన్న నేల చెరువు పోరంబోకా, గ్రామనత్తమా. పోవునప్పుడు సాయంకాలము పోవలెను. పగలు వారు పనిలో నుందురు. చెప్పులతో గుడిసెలోనికి పోరాదు. పెద్దవారిని 'ఏమిరా' యని పిలువరాదు. అయ్యా, అమ్మా యనియే పిలువవలెను. దీనిని ప్రత్యేకముగా చెప్పవలసివచ్చుట విచారకరమే, అయినను చెప్పుచున్నాము. యానాది కుటుంబము కనబడినచో వేరుగా వ్రాసికొనవలెను. వారి విషయము పంచాయతులో తేలునది కాదు. దానికి జిల్లాకచేరికి విన్నపము వేరుగా తయారు చేయవలెను.

తీర్మానపు పాఠమును తమిళములో వ్రాసి ముందుగానే పంచాయతు కార్యదర్శికి అందజేయవలెను. సభలో దానిని ఇరుళవారిలో నొకరు, వీలైనచో స్త్రీ, చదువవలెను. చదువురానిచో నోటితో చెప్పవలెను. మనవారు లేచి బలపరచవలెను. అంతియే, ఆమెకు బదులుగా మనము మాటలాడరాదు. తీర్మానము పుస్తకమున ఎక్కినదాక సభ విడువరాదు. నకలు తీసికొని మన సంఘమునకు అందజేసినచో, ఈ పత్రికలో పంచాయతువారీగా ప్రకటింతుము.

పేర్లు ఇయ్యదలచినవారు కూటమి ముగియగానే కార్యదర్శిగారి వద్ద వ్రాయించుకొనవచ్చును. వివరముల కాగితములు అచ్చువేయించి సిద్ధముగా నున్నవి, తమిళములోను తెలుగులోను.